తొంభై ఆరో గడి

ఐసు ఫ్యాక్టరీ వెనక గోడ దొరికింది మాకు.
అడ్డం నాలుగు మీటర్లు, నిలువు ఆరు.
మీద ఒక పాత సబ్బు ప్రకటన, ఇంకా నవ్వుతూనే ఉంది.
రెండు పూతల సున్నం కొట్టినా
పళ్ళు కనపడుతున్నాయని మూడోది కొట్టాం.

జొసీయస్ గ్వాంబె పడవ నడిపిన మనిషి.
ముప్పై ఒక్క ఏళ్ళు
మషీషె నుంచి ఇన్యంబానెకి, ఇన్యంబానె నుంచి మషీషెకి.
ఆ నీళ్ళు దాటి ఎక్కడికీ పోలేదు.
ఆయనకున్న రంగుల ఫోటో ఒక్కటే:
తెరచాప ముందు నిలబడి, నోరు సగం తెరిచి,
కింద కుడిమూల ఎర్రగా మసగ్గా ఏదో.

నా ఫోనులో డేటా అడుగంటింది.
ఉన్నంతలోనే ఆ సైటు తెరిచాను.
ఫోటో ఎక్కించమంది, ఎక్కించాను.
అడ్డం ఎన్ని గళ్ళంది. ఎనిమిది.
నిలువు? పన్నెండు.
గీత మందం? సన్నం.
రంగు మాత్రం అడగలేదు, నలుపు తనే వేసేసుకుంది.
తెరచాప మీద కనిపించాయి గీతలు,
చొక్కా మీద కనిపించాయి,
ముఖం దగ్గరికి రాగానే
నీళ్ళలో తాళ్ళలా మునిగిపోయాయి.
"మా ముఖాలు ఎరగనివాళ్ళు చేశారు దీన్ని" అన్నాను.
"రంగు మార్చే మీట ఎక్కడో ఉంటుంది, వెతుకు"
అన్నాడు మేస్త్రీ అదెరితు, బకెట్టులోంచి తల ఎత్తకుండా.
అట్టడుగున ఉంది.
పసుపు పెట్టాను.
నుదుటి మీద గీత నిలిచింది.

గోడ మీద నీలం పొడి దారం లాగి కొట్టాం,
అటు నేను, ఇటు ఆయన.
అరమీటరుకో గడి, మొత్తం తొంభై ఆరు.
ఆయన నిచ్చెన మీద, నేను కింద, పగిలిన ఫోను పట్టుకుని.
"నాలుగో వరుస, మూడో గడి" అరిచాను,
"కన్ను!"
"పేరు చెప్పకు" అన్నాడు.
"కన్నంటే నా చెయ్యి
తనకు తెలిసిన కన్నేదో గీసేస్తుంది.
గడిలో ఏముందో అది చెప్పు."

పెసరబద్దంత వెలుగు, దాని చుట్టూ చీకటి.
కింద మూడు ముడతలు, మూడోది తెగింది.
చెప్పుకుంటూ పోయాను.
గడికో గడియ పట్టింది.
మూడు రోజులు ఒక మనిషిని
మనిషని అనకుండా దించాం.
ఐదో వరుసలో ఒక వంపు, ఎడమ చివర పైకి లేచి.
"నవ్వా?" అన్నాడు, తన నియమం తనే మరిచి.
"ఏమో. విసుగులానూ ఉంది."

ఆఖరి గడి దగ్గర ఆగాడు.
"ఆ మసక ఆయనది కాదుగా. కత్తిరించెయ్."
కత్తిరించే మీట కూడా ఉంది ఆ సైటులో,
దాని మీదే ఉంది నా వేలు,
డోనా ఫెలిజార్దా ఉడికించిన కర్రపెండలం పట్టుకొచ్చేసరికి.
గిన్నె నా ఒళ్ళో పెట్టి ఫోను తీసుకుంది.
పసుపు గళ్ళ మధ్య మొగుణ్ణి చూసి
"ఏంటిది, దోమతెరలో పడుకోబెట్టారా?" అంది.
తర్వాత ఆ మూల చూసింది.
తన బొటనవేలు తెచ్చి పక్కన ఆనించింది.

"ఇది నాది.
అద్దానికి అడ్డం పెట్టావు, తియ్యి, తియ్యి అని అరుస్తున్నాడు.
ఈలోగా నొక్కేశాను."

మేస్త్రీ నిచ్చెన దిగాడు.
అంతవరకు నేను చెప్పిన ఆ వంపు దగ్గరికి నడిచి
చాలాసేపు చూశాడు.
దాన్ని ముట్టుకోలేదు.
ఎరుపు కలిపాడు, కొంచెం గోధుమ, కొంచెం పసుపు,
ఎండ వేలిలోంచి దిగితే వచ్చే రంగు.
అరమీటరు బొటనవేలు.

సాయంత్రం తడిగుడ్డతో నీలం గీతలు తుడిచేశాను.
ఫోనులో పసుపువి ఉండిపోయాయి.

ఐసు కోసం వచ్చేవాళ్ళు ఆగి చూస్తారు.
జొసీయస్ అచ్చు దిగాడంటారు.
ఆ మూలది చిలగడదుంపంటాడు కాపలావాడు,
పొద్దుగుంకడం అంటుంది చేపల బుట్టావిడ,
రంగు ఒలికి ఉంటుందిలే అంటారు మిగతావాళ్ళు.
డోనా ఫెలిజార్దా వాళ్ళ వెనకే వరుసలో నిలబడి
రెండు ముక్కల ఐసు కొనుక్కుని
కరిగిపోకముందే ఇంటికి పోతుంది.