వృత్తి అనే గడిలో

బ్యాంకు గుమాస్తా కలం ఆపి అడిగాడు:
"వృత్తి?"
"పిల్లులు" అన్నాను.
నవ్వలేదు, పాపం మంచివాడు.
"అమ్ముతారా?"
"లేదు."
"పెంచుతారా?"
"మా ఇంట్లో ఒక్కటీ లేదు."
కాసేపు నా చేతుల వైపు చూశాడు.
మోచేతుల దాకా ఎండిన గీరలు,
తెలియని లిపిలో ఎవరో రాసి కొట్టేసినట్టు.
గడిలో 'ఇతరములు' అని నింపాడు.

ఇరవై రెండేళ్ళుగా నేను ఇతరములు.

సఫీకి దక్షిణాన, ఏ తలుపు మీదా
నీలం రంగుని రెండేళ్ళు నిలవనివ్వని
అట్లాంటిక్ గాలి ఊరు మాది.
తెల్లవారుజామున నాలుగింటికి
సార్డీను పడవలు రేవుకి చేరే వేళకి
నేనూ ఇద్దెరూ బోను మోసుకెళ్తాం.
ఒకప్పుడు వలలు అల్లేవాడు అతను,
ఇప్పుడు వ్యాను నడుపుతాడు,
బోనులో చేపముక్క ఎంత లోపల పెట్టాలో
వేలితో కొలిచి పెడతాడు.
తలుపు పడిన చప్పుడు వినగానే
మీద తువ్వాలు కప్పాలి.
చీకటైతే పిల్లి తిట్టడం మానేస్తుంది.
ఈ ఒక్క సంగతి నేర్చుకోవడానికి నాకు
రెండేళ్ళూ పదకొండు కుట్లూ పట్టాయి.

డాక్టర్ జుహూర్ చేతిలో పని పది నిమిషాలు.
అయ్యాక ఎడమ చెవి కొస
గోరంత తీసేస్తుంది.
దీని పని అయిపోయింది, మళ్ళీ పట్టకండి అని
చదువురాని వాళ్ళు కూడా చదివే సంతకం.
నేను చిట్టాలో రాస్తాను:
నాలుగు వేల ఎనిమిది వందల పందొమ్మిది.
ఆడది. బూడిద రంగు. ఐసు ఫ్యాక్టరీ వెనక.
పాలిస్తోంది. కూనలు ఎక్కడ?
ఆ 'ఎక్కడ' కోసం ఇద్దెర్
మధ్యాహ్నం దాకా పాత వలల గుట్టలు తిరగేశాడు.
మూడు దొరికాయి.
నాలుగోది మర్నాడు దొరికింది, దాని గురించి రాయను.

విషం పెట్టిన ఏడాది గురించీ ఎక్కువ రాయను.
ఆ పొద్దున రేవు శుభ్రంగా ఉంది,
అంతే, చాలా శుభ్రంగా.
కోసి పారేసిన చేపతలలు
ముట్టేవాళ్ళు లేక ఎండకి మెరుస్తున్నాయి.
ముసలి బిహీ ఎవరికీ పైసా విదల్చడు,
పిల్లికి బిచ్చం పెట్టనివాడంటే
ఈయనేలే అనుకునేదాన్ని.
ఆ రోజు గిన్నె పట్టుకుని
పడవ పడవ దగ్గరా ఆగి
నాలుకతో చప్పుడు చేస్తూ పిలిచాడు.
దీపాలు పెట్టేదాకా పిలిచాడు.

మున్సిపల్ సభలో నాకిచ్చింది మూడు నిమిషాలు.
కూనల కళ్ళ గురించి చెప్పలేదు.
దయ అనే మాట వాడలేదు.
విషం ఖరీదు చెప్పాను, కుట్ల ఖరీదు చెప్పాను,
గోదాముల్లో పెరిగిన ఎలుకల లెక్క చెప్పాను,
ఖాళీ అయిన వీధికి పక్క వీధి పిల్లులు
ఎన్ని వారాల్లో కాపురానికొస్తాయో చెప్పాను.
పిల్లి శాపాలకు ఉట్లు తెగవని
వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.
అందుకే శాపం పెట్టలేదు.
ఉట్టి ఎవరు కట్టించారో,
తాడు ఏ పద్దు కింద కొన్నారో,
రసీదు తీసి బల్ల మీద పెట్టాను.

అంశం వాయిదా పడింది.
వాయిదా అంటే మూడు నెలలు.
మూడు నెలలంటే, ఇద్దెర్ వేళ్ళ మీద లెక్క,
రెండు వందల చెవులు.

నేను నడుస్తుంటే దారెంట
పిల్లులు కాళ్ళకి చుట్టుకుంటాయని
అందరూ అనుకుంటారు.
నిజం చెప్తే నమ్మరు.
ఈ ఊళ్ళో పిల్లులన్నీ భయపడేది నాకొక్కదానికే.
నా చెప్పుల చప్పుడు వాటికి తెలుసు,
నా తువ్వాలు వాసన తెలుసు.
బిహీ ఒళ్ళో ముడుచుకు పడుకున్నది
నేను మలుపు తిరగకముందే లేచి
పడవ కిందికి దూరుతుంది.
నా తరఫున ఆయన నొచ్చుకుంటాడు,
"ఇంత చేస్తే ఇదా విశ్వాసం" అని.

ఇవాళ బ్యాంకు నుంచి వస్తూ
మోకాళ్ళ మీద వంగి చూశాను.
చీకట్లో రెండు పచ్చటి కళ్ళు,
వెనక్కి అంటుకుపోయిన చెవులు,
ఎడమదానికి కొస లేదు.
బొచ్చు నిగనిగలాడుతోంది.
ఎంత జోరుగా పారిపోయింది!
పెన్సిలు తీసి
చిట్టాలో దాని అంకె పక్కన రాశాను:
ఉంది.

బిహీ గొణుగుతూనే
గిన్నెని కాలితో పడవ కిందికి తోశాడు.
కొత్త వ్యాను అప్పు సంగతి
సోమవారం చెబుతామన్నారు.