ఏడో అధ్యాయం దగ్గర

డిటెక్టివ్ నవల రాద్దామని కూర్చున్నాను.
మొదటి వాక్యం బాగానే కుదిరింది:
ఆమదాలవలస కాలేజీ బోటనీ లాబులో
సోమవారం పొద్దున్న మైక్రోస్కోపు లేదు.
తాళం పగల్లేదు. కిటికీ ఊచలు ఊచల్లాగే ఉన్నాయి.
గచ్చు మీద గోగునార పీచు ఒకటి.
ఆ పీచు పట్టుకుని నా ఇన్‌స్పెక్టరు
ఆరు అధ్యాయాలు నడిచాడు.

ఇక నాగావళి దాటాలి. దాటితే మా ఊరు.

మా ఊళ్లో డిటెక్టివుకి పని దొరకదు.
ఎవరి కోడి ఎవరింట ఉడుకుతోందో
వీధి చివర కూర్చున్న ముసలమ్మలు చెప్పేస్తారు.
గోగు నానేసిన గెడ్డ ఒడ్డున మడమ ముద్ర చూసి
"దాలినాయుడి ఎడంకాలు" అంటారు,
కుంటుతున్నాడేటని కూడా అడుగుతారు.

ఆ ఏడు వానల్లో వాంతులు, విరేచనాలు.
పదకొండు రోజుల్లో నలుగురు గుంటలు పోయారు.
మందులాయన వచ్చి నేలబావిలోకి తొంగిచూసి
"నీళ్లు తేటగానే ఉన్నాయి కదా" అని సైకిలెక్కాడు.

లాబు అటెండరు అసిరయ్యది మా వీధే.
శనివారం రాత్రి, పడవ కట్టేశాక,
తువ్వాల్లో చుట్టి, నారతాడుతో బిగించి,
నెత్తిన పెట్టుకుని రొమ్ములోతు ఏరు దాటి తెచ్చాడు.
కల్లంలో పెట్రోమాక్సు. గాజుపలక మీద బావినీటి చుక్క.
నేను బీయస్సీ మొదటేడు, వరసలో మూడోదాన్ని.
నా ముందు పైడమ్మప్ప. కన్నానించి ఎంతకీ లేవలేదు.
"ఓలమ్మ... తిరుగుతన్నాయే" అంది.
మనవడు పోయి ఆమెకి తొమ్మిదోరోజు.
మర్నాటి నించీ ప్రతి పొయ్యి మీదా నీళ్లు మరిగాయి.

ఆదివారం ఏరు పొంగింది.
మంగళవారం గానీ అది బీరువాలోకి చేరలేదు,
అద్దానికి బీటతో.

ఈలోగా ప్రిన్సిపాలుగారికి దొంగ దొరికాడు.
సీతంపేట కొండల నించి వచ్చిన బిడ్డిక గాసయ్య.
లాబు మూసేదాకా ఆకుల బొమ్మలు వేస్తూ ఉండేవాడు.
ఉండడమే సాక్ష్యం.
భయపడి తెచ్చి పెట్టేశాడన్నారు.

కమిటీ మా ఊరికీ వచ్చింది.
"మాకేటి తెల్దు బాబూ."
ఎనభైయారు గడపలు, ఒకటే మాట.
అలా అందామని ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు.
అసిరయ్యకి ముగ్గురు ఆడపిల్లలు.

గాసయ్య రేకుపెట్టె మోసుకుంటూ
వరండాలో వెళ్తుంటే, సారు హాజరు పిలుస్తున్నారు.
నా నంబరు వచ్చింది.
ప్రెజెంట్ సార్, అన్నాను.

వాడి రికార్డు పుస్తకం బెంచీ కింద ఉండిపోయింది.
ఇప్పుడు నా దగ్గరుంది.
గోగాకు బొమ్మ, ఈనెలన్నీ సన్న పెన్సిలుతో.
కింద సారు సంతకం లేదు.

దొంగ ఒక్కడే ఉండాలట, నవలల పద్ధతి.
నా ఇన్‌స్పెక్టరు రేవులో నిలబడే ఉన్నాడు
చెప్పులు చేత్తో పట్టుకుని.
పడవవాడు మా ఊరివాడే.
"ఇయ్యాల ఏరు దాటనివ్వదు బాబూ" అంటున్నాడు.