గుండూ, బద్దా

లెక్కల పుస్తకం చివరి పేజీలో
రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను.
ప్రాసెసరు. బోర్డు. ర్యాము. గ్రాఫిక్స్ కార్డు.
ఎటునుంచి కూడినా నలభై ఏడు వేలు.
చేతిలో ఉన్నది ముప్పై ఆరు:
మూడు వేసవులు కాశీబుగ్గ గోదాములో
బస్తాలు కుట్టిన డబ్బు,
అమ్మ ఎత్తిన చీటీలో సగం.

జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చి
కాళ్ళు కడుక్కుని పక్కన కూలబడి
అమ్మ ఆ కార్డుల పేర్లు చూసింది.
"నెంబరు పెరిగితే మంచిదేటి?"
"ఔనమ్మా, రేటు కూడా పెరుగుద్ది."
"యాపారం తిరగేసినారు," అని నవ్వింది.
"మా కాడ నూట ఎనభై అంటే బొటనేలంత గుండు.
మూడొందల ఇరవై అంటే సన్నది.
నెంబరు పెరిగితే గింజ తగ్గాల."

ఆ రాత్రి పేజీ మొత్తం
అమ్మ లెక్కలో తిరగరాశాను.
ప్రాసెసరు గుండు. అక్కడ బేరం లేదు.
ర్యాము బద్ద. ఒక్కటే కొని
రెండో గాడి వచ్చే పంటదాకా ఖాళీ.
రంగుదీపాల ఫ్యాన్లు నూక, చెరిగి పారబోశాను.
పవర్ సప్లై దగ్గర చెయ్యి ఆగింది.
చవకది పదహారొందలు.
తుపాను రాత్రి మా వీధి బల్బు
ఎర్రబడి, తెల్లబడి, పేలిపోవడం గుర్తొచ్చింది.
మంచిదే రాసి
క్యాబినెట్ కొట్టేశాను.

మిగిలింది కార్డు.
బరంపురంలో ఒకతను పాతది ఏడువేలకి అమ్ముతున్నాడు.
ఆదివారం పాసింజరెక్కాం, అమ్మా నేనూ.
ఇచ్ఛాపురం దాటాక నాకు మాట రాలేదు,
ఇంకా ఆడని ఆటలన్నీ
కిటికీ పక్కన పరుగెడుతున్నాయి.

అతను అట్టపెట్టెలోంచి తీసిచ్చాడు.
నేను ఫ్యాన్లు చూశాను, స్టిక్కరు చూశాను,
ధూళి లేదని మురిసిపోయాను.
అమ్మ అందుకుని రెండుసార్లు తిప్పి
ముక్కు దగ్గర పెట్టుకుంది.
"మాడిందిరా తవిటీ," అంది, అతనికి తెలియదనుకుని.
అతనికి తెలుగొచ్చు.
మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

తిరుగు బండిలో నేను పలకలేదు.
సోంపేటలో వేరుశెనక్కాయలు కొని ఒళ్ళో పోసింది.
పలాసదాకా అలాగే ఉన్నాయి.

మంగళవారం పార్సిళ్ళొచ్చాయి.
పదికేజీల పప్పు అట్టపెట్టె బోర్లించి
దానిమీద బోర్డు పెట్టాను.
ప్రాసెసరు అడుగున వెంట్రుకల్లాంటి సూదులు,
వరసలు వరసలు.
ఒక్కటి వంగితే అంతే.
నా చెయ్యి వణికింది.

"ఇలాగియ్యి."

జీడి కారి కారి గీతలు చెరిగిన వేళ్ళు,
రేషను మిషను నెలనెలా
నువ్వెవరని అడిగే వేళ్ళు,
పొర తీస్తూ గుండు విరగనివ్వని
ఇరవై రెండేళ్ళ వేళ్ళు.
మూలనున్న బంగారు చుక్క చూపించాను.
పెట్టిందో వదిలిందో తెలియలేదు,
తన చోటు తనకి తెలిసినట్టు
అది కూర్చుంది.

క్యాబినెట్ లేదు కాబట్టి స్విచ్చీ లేదు.
స్క్రూడ్రైవరు మొనతో రెండు పిన్నులు కలిపాను.
ఫ్యాను ఓసారి జంకి, తిరిగింది.
పాత టీవీ మీద తెల్లటి అక్షరాలు.

కార్డు గాడి ఇప్పటికీ ఖాళీయే.
అన్నీ తక్కువలో పెడితేగాని ఆట కదలదు.
ఏట్లో నీళ్ళు రేకులా ఉంటాయి,
కొండలు దగ్గరికెళ్తేగాని పుట్టవు.

"సామానంతా బయటే ఉందేట్రా?"
"డబ్బా కొనలేదు కదమ్మా."
"పోనీలే. జీడిపండుకి గింజ బయటే కాదేటి."

కాసేపు చూసి అడిగింది,
"ఇందులో నువ్వెవుడివి?"

చూపించాను,
ఆకులు రాని చెట్టుకింద
మోకాలిదాకా నేలలో దిగబడి
నిలబడ్డవాణ్ణి.