ఆఖరి బంతి

పొందూరులో మా వీధికి
సింహాద్రి సైకిలు మీద వస్తాడు.
"ఊడిన ఎంట్రుకలకి స్టీలు గిన్నెలమ్మో" అని
గంట కంటే ముందే గొంతు వినబడుతుంది.

పోయిన ఆశ్వయుజంలో
గోడ బీటలో దోపిన చిక్కులన్నీ లాగి
కాటా మీద వేశాను.
ఏడాదికీ నిండని బీట
రెండు నెలల్లో నిండిపోయింది.
ముల్లు చూసి వాడే బెదిరాడు:
"ఓలప్పా, ఇదంతా నీ ఒక్కదాని తలదేనా?"
గిన్నెతో పాటు ఒక గరిటె కొసరిచ్చాడు.

నా చేతి పని దువ్వడమే.
వాలుగ చేప దవడ ఎముకతో
పత్తి గింజ గింజనీ దువ్వుతాను.
ఆ పళ్ళ మధ్య నుంచి మబ్బులా లేస్తుంది,
ఒక్క పోగూ తెగదు.
అదే చెయ్యి నా తల మీదికి పోతే
దువ్వెనకి దువ్వెనంత జుట్టు.

చేప దవడ నా చేతికి వచ్చింది గాని
చేప ముక్క నా కంచంలోకి ఎన్నడు వచ్చింది?
ముక్కలు మామకి, మా ఆయనకి, గుంటలకి.
నాకు పులుసు,
పులుసులో చేప వాసన.

మందార నూనె రాశాను. ఉల్లి రసం రాశాను.
ఆడపడుచు కాంచన చెప్పిందని
గుంటగలగరాకు నూరి పట్టిస్తే
దిండు గలీబు పచ్చబడింది,
తల పచ్చబడలేదు.

ఆస్పత్రిలో నర్సు రూపవతి
తల వైపు చూడనే లేదు,
కంటి కింది రెప్ప లాగి చూసింది.
"రాత్రి ఏటి తిన్నావో సెప్పు."
చెప్పడానికి ఎంతసేపు?
పొద్దున్న చల్దన్నం, మిరపకాయ.
పదకొండింటికి టీ. మూడింటికి టీ.
రాత్రి, గిన్నె అడుగున ఏముంటే అది.

"ఒంట్లో కూడా బంతులుంటాయి వదినా," అంది.
"గుండె ముందు కూకుంటాది,
మెదడూ కాలేయం దాని పక్కన.
జుట్టుది ఆకరి బంతి.
ఆషాడంలో జొరం వొచ్చింది కదా,
అప్పుడే గుండిగ కాళీ అయిపోనాది.
పాపం రెండు నెలలు కాసుకుని కాసుకుని
ఇస్తరి మడిచి లేచిపోనాది."

నేను నవ్వలేదు.
మా ఇంట్లో ఆఖరి బంతి ఎవరిదో
చెప్పకుండానే ఆవిడకి తెలిసినట్టుంది.

ఇనుము మాత్రలిచ్చింది. భోజనం మీద టీ వద్దంది.
మునగాకు, ఉలవలు, నువ్వులూ బెల్లం,
కూర మీద నిమ్మబద్ద పిండుకోమంది,
రోజుకో గుడ్డు.
"ఎన్నాళ్ళకి మొలుస్తాది?"
"నీకు తొందర. దానికి నేదు."

మొదటి గుడ్డు దొంగదానిలా తిన్నాను,
పెరట్లో, పెంకులు మట్టిలో కప్పెట్టి.
రెండోది అరుగు మీద.
మూడో వారం
అందరి కంచాల పక్కనే నా కంచమూ వేసి
కవ్వళ్ళ పులుసులో
సింహాద్రి కొసరిచ్చిన గరిటె ముంచి
ముందు నాకే రెండు ముక్కలు వేసుకున్నాను.
మామ గరిటె కేసి చూశాడు.
నేను కూర కేసి చూశాను.
ఎవరూ ఏమీ అనలేదు.
మా చిన్నగుంట మాత్రం
"అమ్మ ఇయ్యాల మనతో తింటంది" అని
వీధిలోకి పోయి చెప్పొచ్చాడు.

ఆ గిన్నెలోనే పొద్దున్న చోడి అంబలి పోసుకుంటాను.
జుట్టిచ్చి కొన్న గిన్నె.
అంబలికి సరిగ్గా సరిపోతుంది.

మాఘం దాటాక
నుదుటి మీద ఏదో గుచ్చుకుంది.
అద్దంలో గరిక మొలకలు,
తడి చేత్తో అణిస్తే అణగవు.
అందులో సగం తెల్లవి.
కాంచన అయ్యో అంది.
నేను ఒకటి పట్టుకుని
పత్తి చూసినట్టు వెలుగులో చూశాను:
నూరో నెంబరు నూలు కంటే సన్నం.
లాగితే రాలేదు.

నిన్న మళ్ళీ ఆ గొంతు.
గోడ బీట తడిమి
ఉన్నదేదో పట్టుకెళ్ళాను.
కాటా ముల్లు కదలనే లేదు.
"ఈసారికి గిన్నె రాదప్పా," అన్నాడు.
రావద్దులే, అన్నాను.