వాటం

టికెట్ల రోలు వెనకవైపు గీశాను మా పెరటి ప్లాను.
సన్నటి కాయితం కదా,
పద్దెనిమిదడుగుల పెరడు కాస్తా
గుణదల నుంచి గన్నవరం దాకా సాగిపోయింది.
జోజి చూసి నవ్వాడు,
"ఇది పెరడా, నీ బస్సా?"

బస్సే అనుకో.
ముందు డోరు దగ్గర కుళాయి,
వెనక సీట్ల వరసలో మల్లెపందిరి,
మధ్యలో, లేవమంటే లేవని పెద్దమనిషిలా
బట్టలుతికే బండ.
వానాకాలం ఈ మూడింటి మధ్యా
మడమ దాకా దిగబడే నల్లమట్టి.
పోయినేడు మా అత్తగారి చెప్పు ఒకటి అందులోనే పోయింది.
రెండోదాన్ని ఆవిడ అటక మీద దాచింది,
జత ఎప్పటికైనా మొలుచుకొస్తుందని.

పద్నాలుగేళ్ళు
కదిలే నేల మీద నించున్నాను.
బెంజి సర్కిల్లో బ్రేకు కొడితే ఒక అడుగు ముందుకి,
నిడమానూరు గతుకులో ఒక అడుగు పక్కకి,
ఒక చేతిలో చిల్లర, ఇంకో చేతిలో కమ్మీ.
ఇంటికొచ్చి మంచమ్మీద వాలినా
మోకాళ్ళు ఇంకా సర్దుకుంటూనే ఉంటాయి.
నాకు అందం అక్కర్లేదు.
నించుంటే తనూ నించునే
నాలుగడుగుల రాయి చాలు.

మస్తాన్‌వలి వచ్చాడు, చెవి మీద పెన్సిలు.
మాచర్ల బండలు చవకే కానీ మధ్యాహ్నం కాలుతాయట.
బేతంచెర్లవి నునుపు, నాచు పడితే జారతాయట.
సిమెంటు టైల్సు నేనే వద్దన్నాను,
బస్టాండులో వాటిని చూసీ చూసీ కళ్ళరిగిపోయాయి.
"రాయి సంగతి తర్వాతక్కా,
ముందు వాటం చూడాలి."

చేతివాటం తెలుసు నాకు,
చెకింగువాళ్ళు నా సంచీ వంక అదోలా చూసినప్పుడల్లా.
ఎడంచేతి వాటం తెలుసు,
చిన్నప్పుడు జోజి వాళ్ళమ్మ చేత తిన్న దెబ్బలన్నీ దానికే.
నేలకీ ఒకటి ఉంటుందని
ఇన్నాళ్ళు తొక్కుతూ కూడా అనుకోలేదు.

అద్దంలాంటి పైపు నిండా నీళ్ళు.
ఒక కొస జోజి చేతిలో, కుళాయి దగ్గర.
ఇంకో కొస నా చేతిలో, పందిరి కింద.
"కదలొద్దు ఇద్దరూ."
నీళ్ళు కాసేపు అటూ ఇటూ ఊగి
ఆగాయి.
పదకొండేళ్ళ కాపురంలో మేమిద్దరం
ఒకే మట్టానికొచ్చింది అప్పుడే అనుకుంటా.

నా వైపు నేల మూడు వేళ్ళు పల్లం.
అంటే ఇంటి మీద కురిసిన వానంతా
మల్లె మొదట్లోకే వస్తోందన్నమాట.
నేను చెంబుతో పోసిన నీళ్ళకే పూస్తోందని
ఎన్ని వేసవులు మురిసిపోయానో.

"ఇటు ఎత్తుచేసి కాలవలోకి తిప్పేస్తే
బురదన్న మాటే ఉండదక్కా."
"మరి మల్లె?"
పెన్సిలు మళ్ళీ చెవి మీదకెక్కింది.

ఆ రాత్రి పాత పేపర్లు రెండడుగుల చొప్పున కత్తిరించి
పెరడంతా పరిచాం, మీద గులకరాళ్ళు పెట్టి.
ఎవరి అడుగు ఎంతో తెలియాలిగా.
జోజివన్నీ దూకుళ్ళు.
అత్తగారికి కాయితానికి రెండేసి అడుగులు,
సందుల్లో చెప్పు కోసం చూసుకుంటూ.
నేను కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే
"కమ్మీ పట్టుకో, పడతావ్" అని ఎగతాళి.
పట్టుకున్నాను, పందిరి గుంజని.
నోరు దానంతటదే అంది,
"హోల్డాన్."

అక్కడే ఆపాం.
ఉతికే బండ దాకా నాది.
ఆ పైన వానది.

తెల్లారేసరికి తుంపర పడి
సినిమా పేజీలు, చావు కబుర్లు అన్నీ
మట్టికి అతుక్కుపోయాయి.
వాటిని ఒలుస్తూనే ఫోన్ చేశాను,
"ఇరవై రెండు కాదు, పదిహేడు బండలు చాలు."
"వాటం ఎటు పెట్టమంటావక్కా?"
"ఎటుందో అటే."

లారీ గురువారం వస్తుందట.
ఆ రోజు నాకు డబుల్ డ్యూటీ.
వాళ్ళు బండలు దించే వేళకి నేను
నిడమానూరు దగ్గర ఒక అడుగు పక్కకి పడుతూ
ఎవరికో చిల్లర బాకీ ఉంటాను.