కోడు తొంభై తొమ్మిది

బొమ్మనహళ్లి, నాలుగో అంతస్తు, రాత్రి రెండు.
యూరప్ ఓటర్ల కోపాలు
నా తెర మీద గడులు గడులుగా దిగుతుంటాయి.
"దేన్ని చూసి ఓటేస్తారు మీరు?"
ప్రశ్న ఒకటే.
జవాబులకి అంకెలు తగిలించడం నా పని,
గంటకి నూట ఇరవై.

గ్యాసు బిల్లు, ఏడు.
ఇంటద్దె, పదకొండు.
పింఛను వయసు పెంచారని ఏడ్చినవాడికి మూడు.
బయటివాళ్లు ఎక్కువైపోయారు: పద్నాలుగు.
పద్నాలుగు కొట్టీ కొట్టీ
కీబోర్డులో ఒకటీ నాలుగూ నున్నగా అరిగాయి.

లియోన్ దగ్గర లారీ తోలే అతను రాశాడు,
డీజిల్ పోయించాక
కూతురి బూట్లు వచ్చే నెలకి జరిగాయట.
దీన్ని ధరలనాలా, జీతమనాలా,
ఆ పిల్ల పాదం పెరుగుతోందనాలా?
"ఐదు వెయ్, బండి కదలనీ" అన్నాడు టీమ్ లీడర్ జాబిర్.

తర్వాత పోలండ్. ఊరి పేరు నా నోరు తిరగదు.
డెబ్బై ఆరేళ్ల ఆవిడ, ఒక్క వాక్యం:
"మా ఊరికి బస్సు రావడం మానేసింది."
ఎవర్నీ తిట్టలేదు.
జాబితా పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను.
బస్సుకి అంకె లేదు.
ఇతరములు. తొంభై తొమ్మిది.

షిఫ్టు దిగి వస్తే వీధిలో నీళ్ల ట్యాంకరు.
మొన్న పన్నెండొందలు, ఇవాళ పదహారు.
బిందెల వరస చూస్తూ ఓనరు మునివెంకటప్ప
ఎవరితోనో కన్నడంలో అంటున్నాడు,
ఈ బయటోళ్లు దిగినాకే నీళ్లింకిపోయాయని.
నన్ను చూసి నాలిక కరుచుకుని, తెలుగులో,
"నిన్ను కాదులేమ్మా."
నా వేళ్లు వాటంతటవే గాల్లో కదిలాయి:
ఒకటి, నాలుగు.

కోపం రావాలి. రాలేదు.
పన్నెండొందల అడుగుల బోరు ఆయనది, మట్టి కక్కుతోంది.
మిల్లు మూసేశాక ఆయనకి పింఛనంటూ ఉంటే
మేమిచ్చే అద్దే.
మూడు. పదకొండు.
ఇంకా ఏవో, జాబితాలో లేనివి.

నా ఓటు కదిరిలో ఉంది.
అక్కడ పోలింగు నాడు ఇక్కడ సెలవుండదు,
టికెట్టు మాత్రం మూడింతలు.
మా ఊరికి బస్సుంది.
పోయినసారి నేనే ఎక్కలేదు.

ఎవరైనా నన్నడిగితే ఏం రాయిస్తానా అని
మెట్ల మలుపులో ఆగాను.
బిందె బరువుకి వేళ్ల మీద ఎర్రటి గీత.
చెయ్యి మార్చుకున్నాను.
ఇంకా రెండంతస్తులు.