పది నిమిషాలెక్కువ

బిక్షమయ్య మెడ తిరగదు.
ఎవలన్న పిలిస్తే
కాళ్లకాడికెళ్లి మొత్తం మనిషే మర్లాలె,
ఇరుకుబాటల ఎడ్లబండి మలిపినట్టు.

బోరునీళ్లు తాగిన బొక్కలు మాయి.
నాకు మోకాళ్లల్ల దిగింది,
ఆయనకు మెడల, నడుముల.
ఇరవై ఐదేండ్లకే కట్టె లెక్క బిగిసిండట.
మూడూర్ల పిల్లగల్లోళ్లు వచ్చి
చాయ తాగి, నీళ్లు తాగకుంట లేచిపోయిండ్రట.
నాలుగో ఊరికి వాళ్లమ్మే కబురంపలే.

ఇప్పుడు అరువై మూడు.
కృష్ణనీళ్లొచ్చినంక
వాల్వు తిప్పే పని ఆయనకిచ్చిండ్రు.
మెడ తిరగనోని చేతిల
ఊరందరి నీళ్లు తిరుగుతయి.

మాది కడాకరి గల్లి,
మగ్గాలు అటకెక్కిన గల్లి.
మా దాంక వచ్చేసరికి నల్లా
పిల్లి ఉచ్చ లెక్క వచ్చేది.
సగం బిందె నిండేది, ఆగేది.
ఒక్కదాన్నే గద, సగం సాలనుకుంటుంటి.

ఉగాది దాటినంక ఒకనాడు
బిందె నిండింది.
నిండి, గడప దిక్కు పారింది.
గంగాళం పెట్టిన, నిండింది.
నూలు నానేసే పాత తొట్టి కడిగి పెట్టిన,
అదీ నిండింది.
ఇంకా వస్తనే ఉంటే ఏం జేయాలె,
పందొమ్మిదేండ్ల సంది ఆకు తెంపని
గోరింటచెట్టుకు పోసిన.
తెల్లారి గూడ అంతే.

పక్కింటి సుగుణ నెల దినాలు ఓపిక పట్టి
చండూరు అంగట్ల కొన్న గడియారం ముంగటేసుకొని
లెక్క తేల్చింది:
"అన్ని గల్లీలకు ఇరవై నిమిషాలు, మనకు ముప్పై.
అండాలూ, ఎవలి పాయిరమే ఇది?"
చీపురు తీస్కొని లోపలికి పోయిన.
ఊడ్సిన ఇల్లే మళ్ల ఊడ్సిన.
చెవులు కాలినయి,
యాభై ఎనిమిదేండ్ల చెవులు.

అప్పుడు యాదికొచ్చింది.
పింఛను లైన్ల నా ఎనక నిలబడి
"నీళ్లొస్తున్నయా మీ దిక్కు?" అన్నడు.
"సగం బిందె" అన్న. అంతే.
ఆ సగం బిందెను
ఎన్నిదినాలు మోసిండో.

పంచాయతి ఆఫీసు ముంగట కుర్సీలేసిండ్రు.
పైగల్లోళ్లు లొల్లి వెట్టిండ్రు:
ఆ పది నిమిషాల లెక్క చెప్పాలె.
ఆయన గోడకు మొకం పెట్టి నిలబడ్డడు.
సిన్మాలల్ల మొగోళ్లు ఓరకంట చూస్తరు,
చూసి, చూడలేదని దబాయిస్తరు.
బిక్షమయ్యకు ఆ సౌలతు లేదు.
కుడికాలు జరిపిండు. ఎడమకాలు జరిపిండు.
కర్ర నాలుగుసార్లు నేలను కొట్టింది.
ఎటు మర్లుతున్నడో ఊరంత చూస్తనే ఉన్నది.
మర్లి మర్లి నా దిక్కు ఆగిండు.
"ఆమె సగం బిందె అన్నది.
ఇంకేం లెక్క లేదు."
ఎవరో నవ్విండ్రు.
నాకు నవ్వు రాలే, ఏడుపు రాలే.
కొంగు ఎటు సదురుకోవాలెనో తెల్వలే.

రాత్రి మిర్యాలగూడకెళ్లి బిడ్డ ఫోను చేసింది.
ఈ వయసుల ఇదేందమ్మా, అత్తగారింట్ల తలెట్ల ఎత్తాలె అని
చాలాసేపు అన్నది.
ఆఖరుకు, "నల్లా వచ్చింది బిడ్డా, పెట్టేస్తున్న" అన్న.
రాత్రి తొమ్మిదింటికి నల్లా రాదు.
దానికీ ఎరుకే.

వారం దినాలు మళ్ల సగం బిందె.
అదే బిందె. కని ఈసారి
ఎలితి కనవడ్డది.

ఎనిమిదోనాడు చీకట్లనే లేసి
ఫ్లాస్కుల చాయ పోసుకొని
ట్యాంకికాడికి నడిసిన.
మోకాళ్లు కిర్రుమన్నయి.
వాల్వు మీద వంగి ఉన్నడు, వీపు నా దిక్కు.
అడుగుల సప్పుడుకు "ఎవలూ?" అనుకుంట
కుడికాలు జరపవోయిండు.
"ఆగు. మర్లకు" అన్న.
నేనే చుట్టు తిరిగి పోయి
ఆయన కండ్లు ఏ దిక్కున్నయో ఆ దిక్కు
ఇటుకల మీద కూసున్న.

ఫ్లాస్కుకు ఒక్కటే మూత.
ఆయన సగం, నేను సగం తాగినం.
కింద మా గల్లిల నల్లా ఎంతసేపు పారిందో
ఇద్దరం చూసుకోలే.
సక్కెర తక్కువైంది అన్నడు.
రేపు ఎక్కువేస్త అన్న.